తలుపు దగ్గర ఆపిన గుర్తు

వదినగారికి,

ఆ రోజు ఉదయం మీ చెల్లెలు నాకంటే ముందు లేచింది. పక్క తనే సర్దుకుంది. వంటింటి గడప దాకా వచ్చి, తలుపు చెక్క పట్టుకుని నిలబడి, "ఇవాళ ఆయాసం లేదండీ" అంది. నాకూ అలాగే అనిపించింది. ఆసుపత్రి నుంచి వచ్చాక అంత నిటారుగా నిలబడడం అదే మొదలు. ఒక రొట్టె ముక్క తింది. పాలు తాగింది. ఎదురింటి బస్సు డ్రైవరు చొక్కా గుండీ ఊడిందని తెచ్చాడు. నేను వద్దన్నాను. "మిషను తొక్కొద్దన్నాడు గానీ సూది పట్టొద్దన్నాడా డాక్టరు?" అని గుండీ కుట్టి ఇచ్చింది. దారం పళ్ళతోనే తెంపింది.

మాత్రలు అయిపోవచ్చాయి. మందుల షాపుకి వెళ్ళాను. జనం ఉండడంతో బాగా ఆలస్యమైంది. తిరిగి వచ్చేసరికి మంచం మీద కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చిన కళ్ళని తెలుస్తూనే ఉంది. ఏమైందన్నాను. దుమ్ము అంది. నొప్పేమైనా ఉందా అన్నాను. "దుమ్మండీ బాబూ! లేకపోతే ఓ సీసాలో పట్టిస్తా, మీ ల్యాబులో పరీక్ష చేయించుకోండి" అంది. తెచ్చిన మాత్రలు బల్ల మీద పెట్టాను.

తర్వాత లాయరమ్మ పెట్టాం. మేం ఏళ్ళ తరబడి చూసిన సీరియల్ అది. చిన్నప్పుడు తప్పిపోయిన తమ్ముడి కోసం వెతికే ఒక లాయరు కథ. ఆఖరి భాగం మేం ఆసుపత్రిలో ఉన్న రోజున వచ్చింది. టీవీకి తగిలించిన డబ్బా దాన్ని రికార్డు చేసి ఉంచింది. ఎప్పటిలాగే తను గదిలో టీవీ ముందు, నేను హాల్లో టీవీ ముందు. కాసేపటికి గదిలోంచి కేక వినబడింది. "ఏమండీ, ఎక్కడున్నారు?"

మా ఇంట్లో ఆ ప్రశ్నకి ఏ గదిలో ఉన్నారని అర్థం కాదు. కథలో ఎక్కడిదాకా వచ్చారని. "మెట్లెక్కుతోంది" అన్నాను.

"ఇంకా మెట్ల దగ్గరేనా? నత్తకి నడక నేర్పింది మీరేనా ఏమిటి? నేను తలుపు దగ్గరున్నా. ఆపుతున్నా, రండి. తమ్ముడు లోపలే ఉంటాడు, పందెం."

ఉండడన్నాను. లాయరమ్మ మెట్లన్నీ ఎక్కింది. గొళ్ళెం మీద చెయ్యి వేసింది. అక్కడ నేనూ ఆపాను. "వచ్చేశాను, నొక్కు" అన్నాను.

నొక్కలేదు.

నిద్ర పట్టిందేమో అనుకున్నాను. లేపడం ఎందుకని అలాగే కూర్చున్నాను. పోస్టుమాను వచ్చి గేటు కొడితే అప్పుడు లేచాను. చప్పుడుకి మెలకువ వచ్చిందేమోనని గదిలోకి తొంగి చూశాను. దిండుకి ఆనుకుని ఉంది. రిమోటు చేతిలోనే ఉంది. టీవీలో లాయరమ్మ చెయ్యి గొళ్ళెం మీద అలాగే ఉంది. నిద్రలో పోయినట్టే పోయింది, బాధ తెలిసి ఉండదు అన్నాడు డాక్టరు.

జరిగింది ఇంతే. "ఒక ఇంట్లో రెండు టీవీలు, రెండు గదులు. నా చెల్లెలు గోడతో మాట్లాడుతూ పోయింది" అని మీరు నలుగురిలో అన్నారు. ఆ మాటకి జవాబుగా ఇది రాయడం లేదు. ఆ కళ్ళ గురించి రాస్తున్నాను. నొప్పి పుట్టి, నేను కంగారు పడతానని దాచిందేమో. ఆ ఎరుపు చూసి కూడా నేను వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. సీరియల్ పెట్టుకుని కూర్చున్నాను. ఏ పని చేస్తున్నా మనసులో ఇదే తిరుగుతోంది. నొప్పి ఉందని మీతో ఎప్పుడైనా అందా? అని ఉంటే తెలియజేయండి. తిట్లతో కలిపి రాసినా సరే.

మీరు ఫోను ఎత్తడం లేదు కనుక ఉత్తరం రాశాను. ఆపరేషన్ తర్వాత మీ కళ్ళకి చిన్న అక్షరాలు ఆనవని పెద్దగా రాశాను.

ఇట్లు,
మీ మరిది


వదినగారికి,

మీ కార్డు అందింది. నేను అడిగినదానికి జవాబు లేదు. ఎదురు ప్రశ్న ఒకటే ఉంది. "కుట్టుమిషను ఆగిపోయాక కూడా మీరు హాల్లోనే ఎందుకు కూర్చున్నారు?" చదవగానే కోపం వచ్చింది. కార్డు బల్ల మీద బోర్లా పెట్టి వంట చేసుకున్నాను. తిన్నాక మళ్ళీ చదివాను. అక్క అడగాల్సిన ప్రశ్నే.

వేరు గదులకి మొదలు ఆ మిషనే. కిటికీ వెలుతురు బాగుంటుందని మీ చెల్లెలు కుట్టుమిషను పడకగదిలో వేసుకుంది. అప్పుడు టీవీ కూడా అక్కడే. చేతులు గుడ్డ మీద, కళ్ళు బొమ్మ మీద. ఆ టకటకల్లో నాకు ఒక్క ముక్క వినబడేది కాదు. "ఏమన్నాడు? ఏమన్నాడు?" అని అడుగుతూ ఉండేవాడిని. ఒకరోజు కత్తెర బల్ల మీద పెట్టేసి, "కథంతా నేనే చెప్పాలంటే మీకు కళ్ళెందుకు, చెవులెందుకు? హాల్లో ఇంకోటి పెట్టించుకుని హాయిగా చూడండి" అంది. పెట్టించుకున్నాను. కంపెనీవాళ్ళు రికార్డు చేసే డబ్బా హాల్లో బిగించి, గదిలోకి వైరు లాగి చిన్నది ఒకటి పెట్టారు. తల్లి డబ్బా, పిల్ల డబ్బా అనేది మీ చెల్లెలు. తల్లి దాచింది ఏ గదిలోనైనా చూసుకోవచ్చు. కానీ ఎక్కడ ఆపామో చెప్పే గుర్తు మాత్రం రెండు గదులకీ కలిపి ఒక్కటే. ఒకరు ముందుకి చూసేస్తే గుర్తు ముందుకి పోతుంది. రెండోవాళ్ళు తమ చోటు వెతుక్కోవాలి. దాన్ని మేం గుర్తు తినేయడం అనేవాళ్ళం. మా ఇంట్లో జరిగిన పోట్లాటల్లో సగం దాని మీదే. "మళ్ళీ నా గుర్తు తిన్నారా?" అంటే నేను "తినలేదు" అనడం, ఆమె "మూతి తుడుచుకోండి" అనడం. చివరికి ఒప్పందం చేసుకున్నాం. ఒకరు లేకుండా ఇంకొకరు ముందుకి వెళ్ళకూడదు. నేను తప్పలేదు.

గుండె జబ్బని తేలాక మిషను మూత పడింది. మీరు అడిగింది ఆ తర్వాతి సంగతి. ఇంటికి తీసుకొచ్చిన మర్నాడు కుర్చీ ఒకటి మోసుకెళ్ళి మంచం పక్కన వేసుకున్నాను. ఒక భాగం మొత్తం పక్కపక్కన కూర్చుని చూశాం. అయ్యాక ఆమె, "రేపట్నుంచి మీరు హాల్లోనే కూర్చోండి" అంది. ఎందుకన్నాను. "పక్కనుంటే మీరు మాట్లాడరు. హాల్లోంచైతే అరుస్తారు" అంది. నవ్వుతూనే అంది. నేను కుర్చీ ఎత్తుకుని వచ్చేశాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి బాగుండదు.

మాకు పెళ్ళైన కొత్తలో మీరే అన్నారు, "మా చెల్లి మాట్లాడుతుంది, మా మరిది తల ఊపుతాడు, సంసారానికి అంతకంటే ఏం కావాలి" అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఉద్యోగమంతా నీళ్ళ పరీక్ష ల్యాబులో చేశాను. నీళ్ళు మాట్లాడవు. చూసింది రాస్తే చాలు. ఇంట్లో తల ఊపితే చాలు. కానీ మధ్యలో గోడ ఉంటే తల ఊపింది కనబడదు. నోరు విప్పాలి. "ఎక్కడున్నారు?" అంటే చెప్పాలి. "ఆవిడ అబద్ధం చెబుతోంది కదూ?" అంటే ఏదో ఒకటి అనాలి. అలా గోడ అవతల నుంచి మీ చెల్లెలితో నేను మాట్లాడినన్ని మాటలు పక్కన కూర్చుని ఎన్నడూ మాట్లాడలేదు. అది ఆమెకి నాకంటే ముందు తెలిసింది. మీరన్నట్టు ఆమె గోడతో మాట్లాడుతూ పోయింది. గోడకి ఇవతల నేనున్నాను.

పందేల సంగతి కూడా చెప్పాలి. తర్వాత ఏం జరుగుతుందో ముందే చెప్పి పందెం కాసేది. ఓడినవాళ్ళు టీ పెట్టాలి. ప్రతిసారీ ఆమే గెలిచేది. హంతకుడు తోటమాలి అంటే తోటమాలే. ఆ ఉంగరం నకిలీది అంటే నకిలీదే. ఇంత తెలివి పెట్టుకుని కుట్టుపని చేస్తున్నావేమిటి అనేవాడిని. "మీకు టీ పెట్టడం నేర్పడానికి" అనేది. బాగానే నేర్చుకున్నాను.

ఇప్పుడు ఆ తల్లి డబ్బా వెళ్ళిపోతోంది. పాత డబ్బాలన్నీ తీసేసి కొత్తరకం పెడుతున్నారు. వీధిలో మిగిలింది మా ఇల్లే. ఈ నెలాఖరుకి మెకానిక్కు వస్తాడు. పాతదాంట్లో ఉన్నవి కొత్తదాంట్లోకి రావట. మనిషి మంచివాడే. ఈ డబ్బాకి మొదటి నుంచీ ఒక జబ్బు ఉంది. మేం ఆపిన చోటు కాకుండా గుర్తు అప్పుడప్పుడు కాస్త ముందుకో వెనక్కో జరిగి కనబడేది. రెండుసార్లు అతన్ని పిలిపించాను. అంతా విప్పి చూసి, "డబ్బాకి ఏ జబ్బూ లేదు సార్. ఇంట్లో ఇంకెవరికైనా ఉందేమో చూసుకోండి" అన్నాడు. గదిలోంచి మీ చెల్లెలు పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆ ఆఖరి భాగం దాంట్లోనే ఉంది. గుర్తు తలుపు దగ్గరే ఉంది. నేను కదపలేదు. ఏళ్ళ తరబడి ఆ తమ్ముడు దొరుకుతాడా లేదా అని చూసిన మనిషి అది తెలియకుండానే పోయింది. ఆమె చూడనిది నేను చూడను. మెకానిక్కు వస్తే డబ్బా అలాగే విప్పి ఇచ్చేస్తాను. ఇది నిశ్చయించుకున్నాను.

నేను అడిగినదానికి మీరు జవాబు ఇవ్వలేదు. ఆ కళ్ళు.

ఇట్లు,
మీ మరిది


మరిదిగారికి,

ఆశీస్సులు. ఇది మా కోడలి చేత రాయిస్తున్నాను. నా కళ్ళు చదవడం దాకా సరే, రాయడానికి గీత మీద నిలబడవు. నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. తిట్లు వస్తే రాయనని ముందే బేరం పెట్టింది. చూద్దాం.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏడ్చాను. రెండోసారి నవ్వొచ్చింది. పిచ్చి మారాజా! ఇన్నేళ్ళు కాపురం చేసి దాన్ని మీరు ఏం కనిపెట్టినట్టు? రోజంతా సీసాలో నీళ్ళు చూసి ఇందులో ఉప్పెంత, ఇందులో సున్నమెంత అని చెప్పేవారే, పక్క గదిలో పెళ్ళాం పిల్లిలా కళ్ళు మూసుకుని పాలు తాగేస్తుంటే కనబడలేదా?

అది అన్నీ ముందే చూసేసేది మరిదిగారూ. అన్నీ. మీరు ల్యాబుకి వెళ్ళినప్పుడు, పని మానేశాక కూరలకో మందులకో వెళ్ళినప్పుడు, గేటు చప్పుడు కాగానే రిమోటు అందుకునేది. చూసేశాక వెనక్కి తిప్పుకుంటూ వచ్చి, గుర్తు ముందు ఎక్కడుందో అక్కడ పెట్టి ఆపేది. ఒక్కోసారి చెయ్యి తప్పి ఓ ముక్క ఇటో అటో అయ్యేది. మీరు డబ్బాకి జబ్బు చేసిందని మెకానిక్కుని పిలిచిన రోజు నాకు ఫోను చేసి, "అక్కా, ఇవాళ దొరికిపోయేదాన్నే" అని ఒకటే నవ్వు. హంతకుడు తోటమాలి అని పందెం కాసిందంటే కాయదూ మరి! మీ చేత టీ పెట్టించుకోవడానికి దానికి తెలివెందుకు? మీరు ఇంట్లో లేకపోతే చాలు.

ఇక్కడ మా కోడలు కలం పక్కన పెట్టి నవ్వుతోంది. రాయవే అంటున్నాను.

చూసేసిన వెంటనే నాకు చెప్పేది. చిన్నప్పటి నుంచీ దాని నోట్లో నువ్వుగింజ నానదు. మీకు చెప్పకూడదాయె, ఎవరికో ఒకరికి చెప్పకపోతే పొట్ట ఉబ్బిపోతుంది. నాకు కళ్ళు సరిగ్గా ఆనక టీవీ మానేశాక, ఆ సీరియల్ అంతా నేను దాని నోటితోనే విన్నాను. మళ్ళీ అదే మీతో కలిసి ఎందుకే చూస్తావు అని అడిగాను. "కథ కోసం కాదక్కా. కథలో ఎవరైనా తలుపు తీసేటప్పుడు హాల్లో ఆయన 'అరెరే' అంటారు చూడు, అది వినడానికి. మామూలప్పుడు ఆయనకేం జరిగినా అరెరే అనరు" అంది.

పక్కనుంటే మీరు మాట్లాడరన్న మాట నిజంగానే అని ఉంటుంది. దాని నోటికి అడ్డూ ఆపూ లేదు. ఆ మాట మీరు గుండెలో పెట్టుకుని కుర్చీ మోసుకొచ్చారు. అసలు సంగతి నేను చెబుతాను. ఆ రోజు సాయంత్రమే నాకు ఫోను చేసింది. "పక్కన కూర్చున్నారక్కా, చచ్చాననుకో. ఏం జరగబోతోందో నాకు తెలుసునని మొహం చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. దుప్పటి కప్పుకుని చూశా. ఏదో చెప్పి హాల్లోకి పంపేశా" అంది. ఆ ఏదో చెప్పడంలో మిమ్మల్ని గుచ్చింది. కావాలని కాదు.

ఇప్పుడు ఆ కళ్ళ సంగతి. మీరు మొదటి ఉత్తరంలో అడిగితే నేను చెప్పలేదు. చెప్పలేకపోయాను. మీరు మందులకి వెళ్ళిన ఆ పొద్దున అది ఆఖరి భాగం మొత్తం చూసేసింది. చూసి నాకు ఫోను చేసింది. ఏడుస్తూనే చెప్పింది, ఏడుస్తూ మధ్యలో నవ్వుతూ. నొప్పి లేదు, ఏం లేదు. ఆయాసం కూడా లేదు, గొంతులో నేను వినలేదా? చక్కటి కథ చూసి ఏడ్చిన ఏడుపు అది. కథ పూర్తిగా చెప్పేలోపే, "గేటు చప్పుడైంది అక్కా. మా వారొచ్చారు. కళ్ళు తుడుచుకోవాలి, ఉంటా" అని పెట్టేసింది. నాతో దాని ఆఖరి మాట అదే. దాన్ని నేను ఒక్కదాన్నే దాచుకున్నాను. మీకిస్తే నా దగ్గర ఏం మిగలదనిపించింది. దాని బదులు నలుగురిలో మిమ్మల్ని ఆ మాట అన్నాను. అనకూడదు. అన్నాను.

అది తెలియకుండా పోలేదు మరిదిగారూ. తెలుసుకునే, మీకోసం వెనక్కి వచ్చి, తలుపు దగ్గర నిలబడింది.

ఆఖర్న ఏమైందో నేను చెప్పను. ఆ డబ్బా ఇచ్చేయకముందు చూడండి.

మీ వదిన

(రాసింది కోడలు. బాబాయిగారూ, అత్తయ్య ఇప్పుడు ఫోను దగ్గర పెట్టుకునే కూర్చుంటున్నారు.)


వదినా,

ఉత్తరం నిన్న అందింది. చదివి టీ పెట్టుకున్నాను. తర్వాత లెక్కలేనన్ని టీలు గుర్తొచ్చాయి. తోటమాలి, ఉంగరం, కోర్టులో బొంకిన ఆ ముసలాయన. అన్నీ దొంగ పందేలే. హాల్లో ఒక్కడినే కూర్చుని "మోసం" అని పైకి అన్నాను. గట్టిగానే అన్నాను. ఆమె పోయాక ఈ ఇంట్లో నేను పైకి అన్న మొదటి మాట అదే అనుకుంటాను.

కళ్ళ గురించి రాసిన చోటు ఇంకా చదువుతూనే ఉన్నాను. మీరు దాచుకున్నది నాకిచ్చారు. తిరిగి ఇవ్వడానికి నా దగ్గర ఒకటుంది.

ముగింపు చెప్పనన్నారు. చెప్పక్కర్లేదు. తమ్ముడు తలుపు వెనక ఉంటాడని మీ చెల్లెలు పందెం కాసింది. ఆమె ఎప్పుడూ ఓడలేదు. ఎందుకు ఓడలేదో ఇప్పుడు తెలిసింది. అంటే ఉంటాడు. కానీ గేటు చప్పుడుకి ఆమె ఫోను పెట్టేసింది కనుక, తలుపు తెరుచుకున్నాక ఎవరెవరితో ఏమన్నారో మీరు పూర్తిగా విని ఉండరు. గేటు తీసింది నేనే.

మెకానిక్కు రేపు మధ్యాహ్నం వస్తాడు. ఈ ఉత్తరం పోస్టులో వేస్తే ఆలోపు మీకు చేరదు. ఎదురింటి డ్రైవరు బస్సు ఇవాళ మీ ఊరు వస్తోంది. అతని చేతికి ఇస్తున్నాను. సాయంత్రానికి తెచ్చి ఇస్తాడు. చొక్కా చూడండి. పై నుంచి రెండో గుండీ.

రేపు పొద్దున ముందు టీ పెడతాను. పందెం ఓడినట్టే కనుక. తర్వాత పడకగదిలో మిషను ముందున్న స్టూలు మీద కూర్చుని మీకు ఫోను చేస్తాను. ఎత్తండి. లాయరమ్మ చెయ్యి గొళ్ళెం మీద ఉంటుంది. మీరు "ఎక్కడున్నారు?" అని అడగండి. తలుపు దగ్గర అంటాను. అప్పుడు నొక్కుతాను. అక్కడి నుంచి ఆఖరి దాకా, కనబడింది కనబడినట్టు, ఒక్క ముక్క వదలకుండా మీకు చెబుతాను.

మీ మరిది